ఇంటి బొమ్మకి సెన్సారెవరు?

"మామయ్యా! నా డాన్సుకి ఎన్ని లైకులొచ్చాయి?"

చందానగర్‌లో అక్కయ్య ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతూండగానే మా మేనకోడలు వేసిన ప్రశ్న అది. వయసు తొమ్మిదేళ్ళు. "ఎప్పుడొచ్చావు మామయ్యా?" అనే రోజులు పోయాయన్నమాట!

తప్పు దానిది కాదు, నాది. సినిమాల మీద రాసుకుని బతికేవాణ్ణి కదా, పిల్ల బాగా ఆడుతోందని సెల్‌ఫోన్లో రీలు తీసి లోకం మీదికి వదిలాను. దాన్ని అడగలేదు. అక్కయ్యనీ అడగలేదు. నిర్మాత, దర్శకుడు, పంపిణీదారు... అన్నీ నేనే!

ఇంతలో 2024 జూలై వచ్చింది. ఒక తండ్రీ కూతుళ్ళ వీడియో మీద కొందరు యూట్యూబులో కూర్చుని, యిక్కడ రాయడానికి వీల్లేని మాటలని నవ్వుకున్నారు. హీరో సాయి ధరమ్ తేజ్ మండిపడ్డారు. పిల్లల ఫోటోలు, వీడియోలు పెట్టేముందు ఆలోచించుకోమని తల్లిదండ్రుల్ని కోరారు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి స్పందించారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది. ఆ యూట్యూబర్ బెంగుళూరులో దొరికాడు.

ఆ రాత్రి నా రీలు కింది కామెంట్లు మొదటిసారి శ్రద్ధగా చదివాను. 'సూపర్', 'క్యూట్'ల మధ్య ముక్కూమొహం తెలియనివాడొకడు అడిగాడు: "పాప ఏ స్కూలు?" పిల్ల ఒంటిమీద యూనిఫారం, దానిమీద స్కూలు బాడ్జీ! నా గుండె జారిపోయింది. వెంటనే రీలు తీసేశాను.

మర్నాడు పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేను బాగా చెయ్యలేదా మామయ్యా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. దాని ఆటకి విలువ కట్టే పని ఎవరెవరికో అప్పగించింది నేనే కదా!

మన సినిమాకి సెన్సారు సర్టిఫికెట్ లేందే హాల్లో బొమ్మ పడదు. 2024లో యు/ఏ సర్టిఫికెట్టునే 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. మరి యింట్లో తీసే బొమ్మకి?

సాయంత్రం హైటెక్ సిటీ నుంచి ఎమ్ఎమ్‌టీఎస్‌లో బావ వచ్చాక నలుగురం కూర్చున్నాం. జరిగిందంతా పిల్లకి అర్థమయ్యేలా చెప్పాం. యూనిఫారం, స్కూలు పేరు, ఇంటి వీధి కనబడకూడదు. చూసేది మనవాళ్ళే అయివుండాలి. కొత్తవాళ్ళెవరైనా పలకరిస్తే ముందు అమ్మకి చెప్పాలి, చెబితే ఫోను లాక్కోం. అన్నిటికన్నా ముఖ్యం: అది "వద్దు" అంటే వద్దే!

పోయిన ఆదివారం మళ్ళీ ఆడింది. చూసినవాళ్ళం ముగ్గురం. చప్పట్లు కొట్టాం. లైకులెన్నని అడగలేదు. "ఇంకోటి చెయ్యనా?" అంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ ఫోన్లలోనూ మేనకోడళ్ళ, తమ్ముళ్ళ రీళ్ళు వుండే వుంటాయి. ఈ రాత్రి ఒక్కసారి ఆ కామెంట్లు చదవండి. పొద్దున్నే ఆ హీరోనో, హీరోయిన్నో అడగండి, ఉంచమంటారో, తీసెయ్యమంటారో!