అబ్బాజాన్ ఆవాజ్‌కి తాళంచెవి



అబ్బాజాన్ ఇంతెఖాల్ అయ్యాక, ఆయన బటన్ ఫోన్లోని మెమరీ కార్డుని అమ్మీ తన తస్బీ డబ్బాలో దాచింది. పోయిన రంజాన్ ముందు కళింగపట్నం వెళ్తే నా చేతిలో పెట్టి, "ఇందులో మీ అబ్బా మాటలున్నాయి బేటా, ఒక్కసారి వినిపించవా" అంది.

నా పాత ల్యాప్‌టాప్‌లో మా బాంజా అంతకుముందే ఉబుంటు లినక్స్ వేసిచ్చాడు. కార్డు పెట్టాను. పదకొండు ఫైళ్లు, అన్నీ ఏఎంఆర్ రకం. నొక్కితే ఆవాజ్ రాలేదు, కోడెక్ లేదని తెర మీద పడింది.

"పోయాయేటి?" అంది అమ్మీ. ఆ ఒక్క మాటకి నా గుండె జారింది.

బాంజాకి ఫోన్ చేశాను. "పోలేదు మామూ! మూట ఉంది, విప్పే పనిముట్టు లేదు, అంతే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదనపు మీడియా ఫార్మాట్ల దగ్గర టిక్ పెట్టలేదు. గల్తీ నాదే" అన్నాడు.

ఆవాజ్‌ని, వీడియోని చిన్నగా మూటగట్టి మళ్లీ విప్పే పద్ధతే కోడెక్. కొన్ని పద్ధతుల మీద కంపెనీలకి పేటెంట్ హక్ ఉంటుంది. అందుకే ఉబుంటు వాటిని ముందే ఇవ్వదు, కావలసినవాళ్లని విడిగా వేసుకోమంటుంది. ఎంపీత్రీకి లైసెన్సు వసూళ్లు 2017లో ఆగిపోయాయి. ఇప్పటి ఫోన్లు తీసే హెచ్.265 వీడియోలకి ఆ తకలీఫ్ ఇంకా ఉంది.

నెట్ కలిపి, టెర్మినల్ తెరిచి, బాంజా ఒక్కో అక్షరం చెబుతుంటే కొట్టాను: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు-రెస్ట్రిక్టెడ్-ఎక్స్‌ట్రాస్. పైసా ఖర్చు లేదు. మధ్యలో మైక్రోసాఫ్ట్ ఫాంట్ల షరతుల పేజీ వచ్చి నిలిచిపోయింది. అక్కడ మౌస్ పనిచేయదు. ట్యాబ్ నొక్కి ఓకే మీదికి వెళ్లి ఎంటర్ కొట్టాలి. అది తెలియక చాలామంది కిటికీ మూసేస్తారు, పని సగంలో ఆగిపోతుంది. తర్వాత వీఎల్‌సీ కూడా వేసుకున్నాను.

మళ్లీ నొక్కాను. ముందు సముద్రపు గాలి హోరు, ఆ వెనకే అబ్బాజాన్.

అది మా కోసం చెప్పిన మాట కాదు. దుకాణం హిసాబ్. రాయడం బద్ధకమై ఫోన్‌కి చెప్పుకునేవారట. ఏడో ఫైల్లో, "వల తాళ్ల తాలూకు పదిహేను వందలు పడవాయనకి ఇవ్వాలి, మర్చిపోకూడదు" అన్నారు.

అమ్మీ కళ్లు తుడుచుకుంది. "మిగతావి తర్వాత వింటాను. ముందు ఖర్జ్ తీర్చిరా" అంది.

మర్నాడు ఫజర్ తర్వాత వెళ్లాను. పడవాయనకి ఆ బాకీ యాదే లేదు. వద్దన్నాడు. అబ్బాజాన్ ఆవాజ్ వినిపించాక చెయ్యి చాపాడు.

ఆ ఫైళ్లని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఎంపీత్రీలుగా మార్చి ఇంట్లో అందరికీ పంపాను. మార్చినంత మాత్రాన ఆవాజ్ మెరుగవదు. ఏఎంఆర్ ఫోన్ మాటల కోసం చేసింది, సెకనుకి 8000 నమూనాలే తీసుకుంటుంది. అందుకే అసలు ఫైళ్లని కూడా రెండు చోట్ల భద్రంగా ఉంచాను.

మీ ఇంట్లోనూ పాత కార్డులు ఉండే ఉంటాయి. తెరుచుకోలేదని పారేయకండి. అందులో ఎవరి అమానత్ ఉందో!