పొద్దుగూకకముందే ముట్టే జీతం



మిరపకాయ ఏరుతున్న రోజులవి. నర్సంపేట వైపు మేము పరిచర్య చేసే ఊళ్ళలో ఒకదానికి ఆ సాయంత్రం ప్రార్థనకు వెళ్ళాం. కల్లాల నిండా ఎర్రగా ఎండుతున్న కాయలు. ఊరంతా ఘాటు. మా సంఘంలో అందరికంటే పెద్దవాడైన ఒక తాత మంచం పట్టి అప్పటికి రెండు నెలలు. కోడలు కూలి నుంచి ఇంకా రాలేదు. ఆయన ఒక్కడే ఉన్నాడు. మేము వాక్యం చదివి, ప్రార్థన చేసి లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అయ్యా, ఒక్క మాట అడుగుత. కోపం చేయొద్దు. ప్రభువు వస్తడు, జీతం తెస్తడు అని నలభై ఏండ్ల సంది వింటున్న. దొర గూడ గిట్లనే అంటుండె. వచ్చే ఉగాదికి చూద్దాం తియ్‌రా అని. దేవుడు గూడ గట్లనేనా?"

మాకు వెంటనే జవాబు రాలేదు.

ఈ తాత ఎనిమిదేళ్ళ వయసులో జీతం కుదిరినవాడు. మన తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళకు "జీతం" అంటే ఆఫీసు జీతం కాదు. ఒక ఇంటి దగ్గర ఏడాది పొడుగునా పనికి ఉండడం. పశువులు, పేడ, నీళ్ళు, నాగలి, రాత్రి కావలి అన్నీ దాంట్లోకే వస్తాయి. ఏడాదికి ఇన్ని కుంచాల జొన్నలు, ఒక గొంగడి, ఒక చెప్పుల జత అని మాట. తండ్రి పెండ్లికి తెచ్చిన అప్పు కింద కొడుకు పోయేవాడు. ఉగాదికి లెక్క చూస్తే అప్పు తీరేది కాదు, జీతం ముట్టేది కాదు. వెట్టి చాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. అది వచ్చేటప్పటికి మా తాత సగం జీవితం గడిచిపోయింది.

డోర్నకల్ వైపు చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త కాదు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తిరునెల్వేలి నుంచి 1909లో డోర్నకల్‌కు వచ్చి, 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన చుట్టూ చేరిన విశ్వాసులలో ఎక్కువమంది పొలాల్లో చాకిరి చేసే మాల, మాదిగ కుటుంబాలవారే. 1939లో ప్రతిష్ఠించిన ఆ డోర్నకల్ కెథడ్రల్ వెనక ఆ చేతులున్నాయి. మన ప్రాంతపు సంఘం జీతగాళ్ళ సంఘం. అందుకే ప్రకటన 22:12లో ప్రభువు తన దగ్గర ఉన్నదని చెప్పినదానికి మన తెలుగు బైబిల్లో "జీతము" అనే మాట కనిపించినప్పుడు అది మనవాళ్ళ చెవికి వేరేగా వినబడుతుంది.

మేమేమి బోధించామో దాచుకోము. చాలా ఏళ్ళు మేము గుడ్డ మీద వేసిన పటం గోడకు తగిలించి, కర్ర పట్టుకుని చెప్పాం. ఇది ఎత్తబడుట, ఇది శ్రమకాలం, ఇక్కడ న్యాయపీఠం, ఇక్కడ ఐదు కిరీటాలు. అంతా రేపు, ఎల్లుండి. ఏ యుద్ధం వచ్చినా, ఏ భూకంపం వచ్చినా "ఇదిగో దగ్గరపడింది" అన్నాం. తాత నలభై ఏళ్ళు ముందు వరుసలో కూర్చుని విన్నాడు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి మత్తయి సువార్త తెరిచాం. 16వ అధ్యాయం 27వ వచనంలో మనుష్యకుమారుడు మహిమతో వచ్చి ప్రతివానికి వాని క్రియల చొప్పున ఫలమిస్తాడని ఉంది. పటంలో మేము వాడిన వచనమే. కాని దాని కిందిదాన్ని మేము ఎన్నడూ ప్రసంగించలేదు. అక్కడ నిలబడినవారిలో కొందరు చనిపోకముందే ఆయన తన రాజ్యంతో రావడం చూస్తారని 28వ వచనం. దీన్ని ఆరు రోజుల తర్వాత కొండ మీద జరిగిన రూపాంతరం అని చెప్పేవారున్నారు. కాని ఆరు రోజుల్లో జరిగే దానికి "కొందరు బ్రతికి ఉంటారు" అని చెప్పనక్కరలేదు గదా. ఆ మాట అనాలంటే చాలామంది చనిపోయేంత కాలం నడుమ ఉండాలి. ఒక తరం ఉండాలి. మత్తయి 24:34లో ప్రభువు చెప్పింది ఆ తరం గురించే.

ఆ తరంలో ఏం జరిగింది? క్రీ.శ. 66లో యూదయలో రోమా మీద తిరుగుబాటు లేచింది. 70లో తీతు సైన్యం యెరూషలేమును ముట్టడించింది. కొన్ని నెలల ముట్టడి, కరువు, చివరికి మందిరం కాలిపోయింది. అప్పుడు రోమా శిబిరంలో ఉన్న జోసెఫస్ అనే యూదుడు అదంతా గ్రంథంగా రాశాడు. మందిరపు దీపస్తంభాన్ని సైనికులు మోసుకుపోతున్న దృశ్యం రోమాలో తీతు తోరణం మీద ఈనాటికీ చెక్కి ఉంది. ప్రభువు ఆ మాటలు పలికిన తర్వాత సుమారు నలభై ఏళ్ళకు ఇది జరిగింది.

తోరణం అంటే మన వరంగల్ వాళ్ళకు చెప్పనక్కరలేదు. యవ్వనస్థులను తీసుకుని ఒకసారి కోటకు వెళ్ళాం. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది. ప్రతాపరుద్రుని బందీగా తీసుకుపోయారు. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలిచి ఉన్నాయి. వాటి నడుమ ఉండిన గుడి మాత్రం ముక్కలై నేల మీద పరచుకుని ఉంది. చెక్కిన ఏనుగు, విరిగిన స్తంభం, పువ్వుల పట్టీ. ఒక పిల్లవాడు నవ్వబోతే ఆపాం. ఎవరి గుడి కూలినా అక్కడ ఒక జనం ఏడ్చింది. ప్రభువు కూడా యెరూషలేమును చూసి ఏడ్చాడని లూకా 19లో ఉంది. ఆ రాళ్ళ నడుమ నిలబడినప్పుడు, రాయి మీద రాయి నిలవదని చెప్పిన మాట ఎంత బరువైనదో మాకు తెలిసింది.

ఈ విధంగా ప్రవచనాలు ఆ మొదటి తరంలో నెరవేరాయని చెప్పే దృక్పథాన్ని ప్రెటరిజం అంటారు. ఇంగ్లండులో జేమ్స్ స్టూవర్ట్ రస్సెల్ అనే కాపరి 1878లో ప్రభువు రాకడ మీద పెద్ద పుస్తకమే రాశాడు. దీనికి అభ్యంతరాలున్నాయి. ప్రకటన గ్రంథం 70కి ముందు రాసిందని ఈ వాదం నమ్ముతుంది. చాలామంది పండితులు అది 95 ప్రాంతంలో రాసిందంటారు. పునరుత్థానం కూడా అయిపోయిందని కొందరు చెప్తారు. మేము అంత దూరం పోము. అలా చెప్పినవారిని గురించి పౌలు 2 తిమోతి 2లో హెచ్చరించాడు. సజీవులకును మృతులకును తీర్పు తీర్చడానికి ఆయన వస్తాడని విశ్వాస ప్రమాణంలో ఇప్పటికీ చెప్తున్నాం, సమాధుల తోటలో నిరీక్షణతోనే నిలబడుతున్నాం. మాతో ఏకీభవించని సేవకులు మాకు సహోదరులే.

అయితే జీతం సంగతి మాత్రం మాకు తేటపడింది. ప్రకటన 6లో బలిపీఠం కింద హతసాక్షులు "ఎందాక?" అని అడుగుతారు. ఇంకా కొంచెం కాలం ఆగమని జవాబు. 11:18కి వచ్చేసరికి దాసులకు ఫలమిచ్చే సమయం వచ్చిందని ఉంది. ఆ కొంచెం కాలాన్ని రెండు వేల ఏళ్ళు చేసింది మన పటాలే. యాకోబు 5వ అధ్యాయం చూడండి. చేలు కోసినవారి కూలి బిగబట్టిన ధనవంతుల మీద ఆ కూలి మొరపెడుతున్నదని చెప్పి, వెంటనే న్యాయాధిపతి వాకిట నిలిచి ఉన్నాడంటాడు. మోషే ధర్మశాస్త్రంలో ద్వితీయోపదేశకాండం 24:15 ప్రకారం కూలివాని కూలి పొద్దు గూకకముందే ఇయ్యాలి. బీదవాడు దాని మీదనే ఆశ పెట్టుకుంటాడు గనుక. ఈ ఆజ్ఞ ఇచ్చిన దేవుడు, తన సొంత దాసుల జీతం యుగాల తరబడి బాకీ పెడతాడా?

మరి 70 తర్వాత పుట్టిన మన సంగతేమిటి? అప్పుడే పంచడం అయిపోతే మనం ఆలస్యంగా వచ్చిన కూలివాళ్ళమా? ప్రకటన 14:13 జవాబు చెప్తుంది. ఇకమీదట ప్రభువునందు చనిపోయేవారు ధన్యులు, వారు ప్రయాసమాని విశ్రాంతి పొందుతారు, వారి క్రియలు వారి వెంట వస్తాయి. ఆ "ఇకమీదట" అనే మాటను మేము పట్టుకున్నాం. ఒక తలుపు తెరుచుకుంది. అప్పటినుంచి నమ్మకంగా పనిచేసి కన్నుమూసినవాడు గుమ్మం బయట వరుసలో కూర్చుని ఎదురుచూడడు. శరీరం లేవడం మిగిలి ఉండవచ్చు. యజమాని ముఖం చూడడం మిగిలిలేదు.

ఆ జీతం ఏమిటి? కిరీటాలు లెక్కపెట్టి, పెద్దదెవరికి చిన్నదెవరికి అని చెప్పిన రోజులు మాకు గుర్తొచ్చి సిగ్గయింది. కొరింథు దగ్గర జరిగిన ఆటల్లో గెలిచినవాడికి ఆకులతో అల్లిన కిరీటమే పెట్టేవారు. పౌలు అది వాడిపోయేదని చెప్పాడే గాని, మనకు బంగారపు తూకం చెప్పలేదు. మత్తయి 20లో పొద్దున వచ్చినవాడికీ సాయంత్రం వచ్చినవాడికీ ఒక్కటే దేనారం. మత్తయి 25లో నమ్మకమైన దాసునికి దొరికేది యజమాని సంతోషంలో పాలు. లూకా 12:37లోనైతే యజమానుడే నడుము కట్టుకుని దాసులను కూర్చోబెట్టి వడ్డిస్తాడు.

మూడో రోజు మళ్ళీ వెళ్ళి తాతకు ఇదంతా చెప్పాం. పటం లేదు, కర్ర లేదు. మంచం కోడు దగ్గర కూర్చుని చెప్పాం. లూకా 12 చదువుతుంటే ఆయన ఆపాడు.

"దొరింట్ల పన్నెండేండ్లు చేసిన. కడప దాటి లోపలికి ఒక్కనాడు రానియ్యలే. బువ్వ ఆకుల ఏసి దూరంకెళ్ళి ఇసిరేటోళ్ళు. గాయన కూసోబెట్టి ఒడ్డిస్తడా?"

"ఒడ్డిస్తడు తాతా."

"ఉగాది దాకా ఆగనక్కర లేదు?"

"లేదు తాతా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "మరి గిన్నేండ్లు గిట్ల చెప్పకపోతిరి." ఆ మాటకు మేము తలవంచుకున్నాం. క్షమించమని అడిగాం. ఆయన నవ్వి, మాట మార్చి, "నా కోడలుకు మూడు వారాల కూలి రావాలె. రేటు పెరిగినంక అమ్మి ఇస్తమంటున్నరట. జర మీరు చెప్పుండ్రి" అన్నాడు.

ఆ కూలి ఇయ్యవలసినవారు మా సంఘ సభ్యులే. ఏనుమాముల మార్కెట్లో ధర చూసుకుని బస్తాలు ఇంట్లో ఆపుకున్నారు. వారిది కూడా అప్పుల సేద్యమే, వారి ఇబ్బంది మాకు తెలుసు. అయినా వెళ్ళి మాట్లాడదామని బయలుదేరాం. సగం దారిలో మా ఇంటివారు అడిగారు. "క్రిస్మస్‌కు గుడికి సున్నం వేసినాయనకు మనం పద్దెనిమిది వందలు ఇయ్యాలి కదా, ఇచ్చారా?"

ఇయ్యలేదు. కానుక ఎక్కువ వచ్చిన ఆదివారం చూసి ఇద్దామనుకున్నాం. క్రిస్మస్ దాటి రెండు నెలలైంది. ఆయన రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడం మానేశాడు. మేము బండి తిప్పాం. ఇంట్లో ఉన్నదీ, పక్కింట్లో అడిగి తెచ్చినదీ కలిపి ముందు ఆయన ఇంటికి వెళ్ళాం. చీకటి పడుతోంది. ఆయన డబ్బు లెక్కపెట్టుకోకుండానే జేబులో పెట్టుకుని, "కూసోండ్రి అయ్యా, చాయ తాగిపోండ్రి" అన్నాడు. ఆ తర్వాతే ఆ రైతు సహోదరుని ఇంటికి వెళ్ళగలిగాం. ఆయన మొదట మాట పెంచాడు. మా సున్నం సంగతి మేమే చెప్పుకున్నాక తగ్గాడు. రెండు బస్తాలు అమ్మి శనివారం లోపు అందరికీ ఇచ్చాడు.

తాత ఉగాదికి ముందే ప్రభువునందు నిద్రించాడు. సమాధి దగ్గర మేము ప్రకటన 14:13 చదివాం. ఆయన కోడలు ఏడుస్తూనే ఉంది, మేమూ ఏడ్చాం. ఆశ ఉన్నవారికి కూడా ఏడుపు ఉంటుంది.

ప్రియులారా, మీ దగ్గర ఎవరి కూలి అయినా నిలిచి ఉంటే ఈరోజే ఇవ్వండి. మన దేవుడు జీతం బిగబట్టేవాడు కాడని మనవాళ్ళు మొదట నేర్చుకునేది మన చేతుల నుంచే.

ప్రార్థన: తండ్రీ, నీ మాటను మేము రేపటికి రేపటికి నెట్టి, నీ బీదలను అలసిపోజేశాం. క్షమించుము. నీ సంతోషంలో పాలిచ్చే నీ చెయ్యి వంటి చెయ్యి మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.