గాలిని చదివే దీపం

విజయవాడ నుంచి ఖమ్మం రైల్లో రెండు గంటలైనా పట్టదు. పొద్దున్నే దిగి ఖిల్లా ఎక్కాను, జాఫర్ బావి మెట్లు చూశాను, ఎండ ముదిరేసరికి కిందికి వచ్చేశాను. ఖిల్లా గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను చెప్పాలనుకుంటున్నది ఆ మధ్యాహ్నం ఖానాపురం హవేలిలో దొరికిన వస్తువు గురించి.

ఖానాపురం హవేలి 2012లో ఖమ్మం నగరపాలక సంస్థలో కలిసింది. చెరువు ఒక పక్క, షెడ్లు ఒక పక్క. గ్రానైటు కోసే రంపాల మోత, వెల్డింగు వెలుగులు, రోడ్డు మీద తెల్లటి రాతి పొడి. ఇక్కడి నుంచి ఇల్లందు, కొత్తగూడెం దాకా వెళ్తే భద్రాచలం అడవి దగ్గరపడుతుంది. పాత ఇత్తడి సామాను ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఆటో అబ్బాయి ఆ షెడ్ల మధ్యే ఒక పాత సామాన్ల కొట్టు ముందు దించాడు.

రేకుల కప్పు కింద తూకం, దాని చుట్టూ సొట్టలు పడ్డ బిందెలు, మూతల్లేని కుక్కర్లు, కాలిపోయిన మోటార్ల నుంచి లాగిన రాగి తీగ. కొట్టు కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "చూస్కో అక్కా, ఏది కావాల్నో" అన్నాడు. ఇలాంటి చోట చేతులు మురికి చేసుకోవడమంటే నాకు ప్రాణం. గంగాళాల వెనక, ఒక గోనెసంచి అడుగున, మూరెడు కూడా లేని దీపం ఒకటి కనిపించింది. అడుగున ఇత్తడి బుడ్డి, దాని మీద మందపాటి గాజు గొట్టం, గాజు పైన ఇనుప తొడుగు, అన్నిటికీ పైన పెద్ద కొక్కెం. కందిలి కాదు, పెట్రోమాక్సు అంతకన్నా కాదు. మరి ఒత్తి వెలిగించేదెలా అని బుడ్డి తిప్పబోతే కదల్లేదు. మర ఎక్కడుందో తెలుస్తోంది కానీ, ఎంత బలం పెట్టినా ఊడి రాదు.

"తుప్పు పట్టిందక్కా. ఓడల్ల వాడేదంట, నాకిచ్చినాయన చెప్పిండు. ఇనుము కూడా ఉంది కాబట్టి ఇత్తడి లెక్క కట్టను, తొమ్మిది వందలియ్యి."

బేరం ఆడకుండా ఇచ్చేశాను. సముద్రం లేని ఖమ్మంలో ఓడ దీపమేమిటన్న సందేహం మాత్రం ఉండిపోయింది.

దాన్ని తీర్చింది పక్కనే టీ తాగుతున్న ఒక పెద్దాయన. నా చేతిలోది చూసి లేచి వచ్చారు. అడగకుండానే అందుకుని, దీపాన్ని పక్కకి వంచి లోపలి జల్లెడ చూశారు. "ఓడదెవరు చెప్పిండ్రమ్మా? ఇది బాయి దీపం. సేఫ్టీ ల్యాంపు. నేను సర్దార్‌గా చేసిన." బాయి అంటే బొగ్గు గని. ఆయన కొత్తగూడెం గనుల్లో మైనింగ్ సర్దార్‌గా, అంటే గని లోపల భద్రత చూసే పర్యవేక్షకుడిగా పనిచేసి రిటైరై, ఖమ్మంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. "ఇది తుప్పు కాదు తల్లీ, తాళం. అయస్కాంతం పెడితేనే వస్తది. ఆ అయస్కాంతం పైన ల్యాంపు రూములనే ఉంటది. బాయిల దీపం ఎవ్వరూ ఇప్పొద్దు. ఇప్పితే మంట బయటికొస్తది."

మంట లోపలే ఉండాలన్నది ఈ దీపానికి ప్రాణసూత్రం. ఇంగ్లండులో ఫెల్లింగ్ గనిలో 1812లో పేలుడు జరిగి 92 మంది పోయాక, 1815లో హంఫ్రీ డేవీ కనిపెట్టిన ఉపాయమిది. మంట చుట్టూ సన్నని తీగ జల్లెడ బిగిస్తే, ఆ తీగలు వేడిని పీల్చేసుకుంటాయి. గాలి లోపలికి పోతుంది, మంట మాత్రం జల్లెడ దాటి గని గాలిలోని మీథేన్‌కు అంటుకోదు. గాలిలో మీథేన్ అయిదు నుంచి పదిహేను శాతం మధ్య ఉంటే పేలుడే.

అయితే పెద్దాయన నన్ను కట్టిపడేసింది ఇంకో మాటతో. "ఇది వెలుగు కోసం కాదమ్మా. వెలుగుకి నెత్తిన క్యాప్ ల్యాంపు ఉండె. ఇది గాలి చూడనీకి." షిఫ్టు మొదలవకముందే సర్దార్ వెళ్లి పని జాగా చూసి రావాలి. బుడ్డి కిందనున్న పుల్ల తిప్పి ఒత్తిని బాగా తగ్గిస్తారు. పసుపు రంగు పోయేదాకా తగ్గించి, దీపాన్ని మెల్లగా పైకప్పు దాకా ఎత్తుతారు. మీథేన్ తేలిక, పైనే చేరుతుంది. అది ఉంటే చిన్న మంట మీద లేత నీలం టోపీ ఒకటి పుడుతుంది. గ్యాసు పెరిగేకొద్దీ టోపీ పొడుగవుతుంది. దాని ఎత్తు చూసి శాతం చెప్పాలి. 1.25 దగ్గరే పని ఆపాలి. నేల వారగా దించినప్పుడు మంట నీరసించి ఆరిపోతే, అక్కడ ఊపిరికి గాలి చాలదని అర్థం. ఇదంతా చూడగలడని పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చాకే సర్దార్‌ను చేస్తారట. "మా బాయిల గ్యాసు తక్కువే. అయినా చూడకుండ ఒక్కరినీ లోపలికి పంపలే" అన్నారాయన. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఉన్న గర్వం నాకు చాలా నచ్చింది. అది ఆయన సంపాదించుకున్నది.

ఈ దీపం ఖానాపురం దాకా ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. గనుల పుట్టుక ఇక్కడికి దగ్గర్లోనే. భద్రాచలం రాముడి దర్శనానికి నడిచి వెళ్లే భక్తులు ఇల్లందు దగ్గర రాళ్లు పేర్చి పొయ్యి పెడితే రాళ్లే అంటుకున్నాయని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇక్కడి బొగ్గును గుర్తించింది 1871లో. తవ్వకాలకు హైదరాబాద్ దక్కన్ కంపెనీ దిగింది, 1920లో దాని స్థానంలో సింగరేణి కాలరీస్ కంపెనీ వచ్చింది, ఆ పక్కనున్న సింగరేణి పల్లె పేరు మీదుగా. ఇల్లందు వైపు ఇప్పుడు నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులదే రాజ్యం. గ్యాసు చూడటానికి మీటర్లు వచ్చాయి. పాత దీపాలు అటకలెక్కి, ఇల్లు మారినప్పుడో పంచుకున్నప్పుడో తూకానికి వచ్చేస్తున్నాయి.

అంతా వింటున్న కొట్టు కుర్రాడు ఫోను పక్కన పెట్టేశాడు. "ఇట్లాంటిది ఇంకోటొచ్చింది తాతా. ఇత్తడిల కలిపి పంపేసిన. కరిగిపోయి ఉంటది." పెద్దాయన కోప్పడలేదు. దీపం నా చేతిలోంచి మళ్లీ తీసుకుని వాడికి చూపించారు: ఇదిగో కొక్కెం, ఇదిగో రెండు పొరల జల్లెడ, ఇదిగో తాళం ఉండే చోటు. బుడ్డి ఒక్కటే వచ్చినా పట్టుకోగలిగేలా, ఒత్తి సర్దే పుల్లను వాడి చేతనే తిప్పించారు.

"మళ్ల వస్తే పక్కన పెట్టు. ఏ రేటైతే ఆ రేటు, నేనిస్త."

కుర్రాడు ఆయన నంబరు అడిగి ఫోన్లో ఎక్కించుకున్నాడు. పేరేం రాసుకోవాలని అడిగితే, "సర్దార్ అని రాయి" అన్నారు.