జేబులో విత్తనాలు

అరవై దాటిన మనిషికి మన దగ్గర ఉచితంగా దొరికే సలహా ఒకటుంది: "ఇక కృష్ణా, రామా అనుకుంటూ ఓ మూల కూర్చోండి." భద్రాద్రి రాముణ్ణి చెంతనే పెట్టుకున్న ఖమ్మం వైపు ఆ మాట మరీ తేలిగ్గా నోటికొస్తుంది. అందులో రాముడితో నాకు పేచీ లేదు. ఆ 'మూల కూర్చోవడమే' మనిషిని తొందరగా తినేస్తుందని నా అనుమానం.

ఖమ్మం పక్కనే రెడ్డిపల్లి. అక్కడి దరిపల్లి రామయ్యగారిని జనం వనజీవి అన్నారు. చివరికి అదే ఇంటిపేరైంది. ఒంటి మీద 'వృక్షో రక్షతి రక్షితః' అని రాసిన బోర్డు, జేబుల్లో విత్తనాలు, ఒక సైకిలు, తోడుగా భార్య జానమ్మగారు. రోడ్డు పక్కన, కాలువ గట్టున, కాస్త ఖాళీ నేల కనబడితే చాలు. కోటికి పైగా మొక్కలు నాటారంటారు. లెక్కపెట్టిందెవరని అడగబుద్ధవుతుంది గానీ, ఎండలో ఆ చెట్ల కిందికి చేరాక ఎవరూ అడగరు. 2017లో పద్మశ్రీ వచ్చేనాటికి ఎనభైకి దగ్గరపడ్డారు. శాలువాలు మడిచి పెట్టి మళ్లీ గింజల వేటలో పడ్డారు.

వేసవిలో అడవుల్లో తిరిగి గింజలు ఏరుకొచ్చేవారు. ఆయన ఆరోగ్య రహస్యం అక్కడే ఉందనిపిస్తుంది నాకు. ఎండల్లో గింజ ఏరినవాడికి తొలకరితో పని పడుతుంది. తొలకరిలో నాటినవాడు దసరా నాటికి మొక్క బతికిందో లేదో చూసుకోవాలి. ఇంత పని మిగిలినవాడికి మంచాన పడే తీరిక ఎక్కడిది? 2022లో బైకు ఢీకొని ఆసుపత్రి పాలయ్యారు. ఆ వయసులో అలాంటి దెబ్బ తగిలితే చాలామంది ముందు ధైర్యం పోగొట్టుకుంటారు. ఈయన మాత్రం ఢీకొట్టిన వాడి మీద కేసు వద్దు, వాడిచేత వంద మొక్కలు నాటించండి అన్నారు. 2025 ఏప్రిల్ 12న, శ్రీరామనవమి వెళ్లిన ఆరో రోజున, గుండెపోటుతో కన్నుమూశారు.

ఇది ఒక్క రామయ్యగారి సంగతే కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఓ చిన్న ఊళ్లో యాభై దాటిన 660 మందిని ఏళ్ల తరబడి గమనించి, పరిశోధకురాలు బెకా లెవీ బృందం 2002లో ఒక లెక్క తేల్చింది. తమ ముసలితనాన్ని మంచి కంటితో చూసుకున్నవాళ్లు తక్కినవాళ్ల కంటే సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారట. మంత్రమేమీ లేదు. 'నా పనైపోయింది' అనుకున్నవాడు బీపీ మాత్ర మరిచిపోతాడు, నడక మానేస్తాడు, మనుషుల్లోకి రాడు. దిగులు ఏళ్లకేళ్లు తిష్ఠ వేస్తే గుండెకూ రక్తనాళాలకూ చేటే.

అయితే రోగిని పట్టుకుని "పాజిటివ్‌గా ఉండండి" అని దబాయించే బంధువులంటే నాకు ఒళ్లు మంట. తగ్గకపోతే తప్పు రోగిదేనన్నట్టుంటుంది. ఉత్సాహం విరిగిన ఎముకను అతికించదు, మలేరియాను దించదు. పైగా అందరి పనీ రామయ్యగారి పనిలాంటిది కాదు. భద్రాద్రి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వేసవి వస్తే తునికాకు పని. కోయగూడేల్లో తెల్లవారకముందే ఆకు కోతకు బయల్దేరతారు. అడవి దాకా నడవలేని అవ్వలు ఇంటి దగ్గరే కూర్చుని యాభై ఆకులకో కట్ట కడతారు. వాళ్ల చేతుల వేగం చూసి "ఎంత హుషారో!" అని ఫొటో తీసుకుని పోవడం సులువే. రామయ్యగారు తన పనిని తాను ఎంచుకున్నారు. ఆ అవ్వకు కట్ట కడితేనే డబ్బు. ఆ తేడా ఫొటోలో పడదు. ఆమె హుషారు మాట తర్వాత, ముందు నెలనెలా పింఛను చేతికందాలి, వానాకాలంలో కూడా గూడెం దాకా అంబులెన్సు రాగలగాలి. మోకాళ్ల నొప్పికి ఆమె దగ్గర ఇప్పుడున్న మందల్లా కాసేపు కాళ్లు చాపుకుని, మళ్లీ ఆకుల కుప్ప ముందుకు జరగడమే.