చెట్టు చెట్టుకీ ఒక గురి!

చెట్లచుట్టూ తిరగడం మన సినిమావాళ్ళకి కొత్త కాదు. హీరో ఓ చెట్టు వెనకనుంచి తొంగిచూడటం, హీరోయిన్ ఇంకో చెట్టు చాటుకి పరుగెత్తడం, తెర వెనక వయొలిన్లవాళ్ళు చెమటోడ్చడం... ఇలా ఎన్ని రీళ్ళు ఖర్చయ్యాయో లెక్కలేదు. కానీ ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకి విసుర్లు లెక్కపెట్టుకుంటూ నడిచి, చివర్లో గెలుపోటములు తేల్చుకునే ఆట ఒకటుందని మీరు విన్నారా? దాని పేరు డిస్క్ గోల్ఫ్. మొన్న ఆషాఢంలో శంషాబాద్ దగ్గర ఓ మామిడితోటలో ఆ ఆట ఆడివచ్చాను. ఆటతోపాటు ఇంకో సంగతి కూడా కంటపడింది. రెండూ చెబుతాను, చిత్తగించండి.

విమానం వేళయ్యేలోగా

మా మేనల్లుడికి డల్లాస్‌లో ఉద్యోగం. నెల్లాళ్ళ సెలవైపోయింది, తిరుగు ప్రయాణం. విమానం తెల్లవారుజామున మూడున్నరకి. అమెరికా వెళ్ళేవాళ్ళకి ఈ దొంగలు తిరిగే వేళ ముహూర్తాలు ఎవరు పెడతారో గానీ, ఆ రోజు గడవడం మాత్రం మహాకష్టం. "ఇంట్లో ఉంటే అమ్మ అరగంటకోసారి నా మొహం చూసి ఏడుస్తుంది మావయ్యా. పద, పెందలాడే బయల్దేరి అటే ఎక్కడైనా తిరుగుదాం" అన్నాడు. పెట్టెలు డిక్కీలో పెట్టి, ఒక సంచీ మాత్రం విడిగా భుజానికి తగిలించుకున్నాడు. తీసి చూద్దును గదా, రంగురంగుల ప్లాస్టిక్ పళ్ళాలు!

మెహదీపట్నం దగ్గర పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ఎక్కితే పదకొండున్నర కిలోమీటర్లు గాలిలోనే పోయి ఆరాంఘర్‌లో దిగుతాం. అక్కణ్ణించి శంషాబాద్ ఎంతో దూరం లేదు. 2008 మార్చిదాకా ఇది బెంగుళూరు రోడ్డుమీద బస్సు ఆగితే దిగి టీ తాగే ఊరు. ఆ నెలలోనే బేగంపేట విమానాలన్నీ ఇక్కడి కొత్త విమానాశ్రయానికి మారాయి. దానికి తీసుకున్న భూమి సుమారు 5,500 ఎకరాలు. అప్పటిదాకా ఎకరాల్లో చెప్పుకునే భూమిని ఆ చుట్టుపక్కల గజాల్లో చెప్పడం అలవాటైపోయింది.

ముందుగా అమ్మపల్లి వెళ్ళాం. సినిమాలు చూసేవారికి ఈ గుడి పేరు తెలియకపోవచ్చు గానీ రూపం బాగా తెలుసు. నర్కుడ దగ్గరున్న సీతారామచంద్రస్వామి ఆలయం ఇది. ఎత్తయిన గోపురం, మెట్ల కోనేరు, దాని పక్కన కమానుల వసారా, వెనకాల కొబ్బరిచెట్లు. కెమెరా ఎటు తిప్పినా ఫ్రేము నిండుతుంది! అందుకే దీనికి షూటింగుల గుడి అని పేరొచ్చింది. పెళ్ళి సీన్లూ, పాటలూ, ఫైట్లూ ఎన్ని తీశారో ఆ రాముడికే తెలియాలి. మేం వెళ్ళిన రోజున హీరోలెవరూ లేరు. పెళ్ళికి ముందే ఫొటోలు తీయించుకునే జంట ఒకటి కోనేటి మెట్లమీద నిలబడి, ఫొటోగ్రాఫరు చెప్పినట్టల్లా మళ్ళీ మళ్ళీ నవ్వుతోంది.

దణ్ణం పెట్టుకుని, అక్కడికి దగ్గర్లోనే ఉన్న మాకు తెలిసినవారి తోటకి చేరాం. ఆరెకరాలు. కాపు కోసేసి నెల దాటింది. వాన పడి నేలంతా పచ్చబడింది. మామిళ్ళు, గట్టువెంట వేపలు, రాళ్ళ సందుల్లో సీతాఫలం పొదలు, మూలగా ఓ ముసలి చింత. పైన అయిదారు నిమిషాలకో విమానం పోతోంది, కింద నెమలి అరుస్తోంది.

మాయాబజార్ వచ్చిన ఏడే!

ఇంతకీ ఈ ఆట ఏమిటంటారా? గోల్ఫులో బంతి, కర్ర, నేలలో గుంట ఉంటాయి. ఇందులో కర్రా లేదు, గుంటా లేదు. బంతికి బదులు జానెడు పళ్ళెం. గుంటకి బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట. పళ్ళెం గొలుసులకి తగిలి ఝల్లుమని బుట్టలో పడాలి. ఎన్ని విసుర్లకి పడిందో అదే లెక్క, తక్కువవాడు గెలిచినట్టు. పళ్ళెం ఎక్కడ పడితే అక్కణ్ణించే తరవాతి విసురు. మూడు విసుర్లలో ముగిస్తే భేషన్నమాట.

దీని పుట్టుపూర్వోత్తరాలు సినిమా కథకేమీ తీసిపోవు. అమెరికాలో బ్రిడ్జిపోర్ట్ అనే ఊళ్ళో ఫ్రిస్బీ అనే బేకరీ ఉండేది. వాళ్ళ పిండివంటలు తినేసి ఖాళీ రేకు పళ్ళాలు విసురుకుంటూ కాలేజీ కుర్రాళ్ళు ఆడుకునేవారు. వాల్టర్ మారిసన్ అనే ఆయన ప్లాస్టిక్‌తో ఎగిరే పళ్ళెం తయారుచేస్తే, వ్హామ్-ఓ అనే ఆటబొమ్మల కంపెనీ 1957లో దాన్ని కొని, ఆ బేకరీ పేరుని కాస్త మార్చి తగిలించింది. 'బ్యాక్ టు ది ఫ్యూచర్' మూడో భాగం (1990) చూసినవారికి గుర్తుండే ఉంటుంది: హీరో కాలంలో వెనక్కి 1885కి పోయి, విలన్ పిస్తోలు పేల్చే వేళకి సరిగ్గా ఒక రేకు పళ్ళెం విసిరి గురి తప్పిస్తాడు. దానిమీద ఉన్న పేరు ఫ్రిస్బీయే!

అన్నట్టు 1957 అంటే మనకేమిటి? 'మాయాబజార్' వచ్చిన సంవత్సరం! అక్కడ వాళ్ళు ప్లాస్టిక్ చక్రం అమ్మడం మొదలెట్టిన ఏడాదే ఇక్కడ రామారావుగారి శ్రీకృష్ణుణ్ణి చూసి ఆంధ్రదేశం చేతులెత్తి మొక్కింది. ఒకటే తేడా. కృష్ణుడి చక్రం పని ముగించుకుని వేలికి తిరిగొస్తుంది. ఈ చక్రాన్ని మనమే పోయి ముళ్ళకంపలోంచి తీసుకురావాలి.

ఎడ్ హెడ్రిక్ అనే ఆయన ఆ వ్హామ్-ఓ కంపెనీలోనే పనిచేసేవాడు. 1975లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఓక్ గ్రోవ్ అనే పార్కులో, చెట్లమధ్య మొట్టమొదటి శాశ్వతమైన డిస్క్ గోల్ఫ్ కోర్సు పెట్టించాడు. గొలుసుల బుట్ట కూడా ఆయన బుర్రలో పుట్టిందే. 2002లో పోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. మనం గంగలో కలుపుతాం, ఆయన గాల్లో కలిశాడు! ఇవాళ ప్రపంచంలో ఇలాంటి కోర్సులు పదిహేను వేలకి పైగా ఉన్నాయి. చాలావాటిలో పైసా ఇవ్వక్కర్లేదు, పార్కుకి పోయి ఆడుకోవడమే.

"మరి బుట్టల్లేవు కదరా, ఎలా?" అన్నాను.

"బుట్టలు రాకముందు చెట్లనీ, స్తంభాలనీ, చెత్తడబ్బాలనీ గురిపెట్టి ఆడేవాళ్ళు మావయ్యా. మనమూ అంతే" అన్నాడు. పాత లుంగీ ఒకటి చింపి, తొమ్మిది చెట్లకి నడుమెత్తున పీలికలు కట్టాడు. పీలిక ఉన్న మానుకి తగిలితే చాలు. అరగంటలో కోర్సు సిద్ధం!

తొమ్మిది చెట్లు

మొదటిది మోటారు కొట్టం దగ్గర్నించి వేపచెట్టుకి, నలభై అడుగుల దూరం. ఇంతేనా అనుకుని బలంకొద్దీ విసిరాను. పళ్ళెం కొంతదూరం రాజాలా పోయి, వేగం తగ్గగానే ఎడమకి తిరిగి తుమ్మకంపలో దూరింది. దానికో సూత్రం ఉందిట. కుడిచేతివాటం మనిషి చేతిని ఎడమకి ముడిచి విసిరితే, బొంగరంలా తిరుగుతున్న పళ్ళెం జోరు తగ్గాక ఎప్పుడూ ఎడమకే వాలుతుంది. అంచు పలచగా ఉన్న డిస్కు దూరం పోతుంది గానీ మరీ మొండిగా వాలుతుంది. అంచు మందమైనది నెమ్మదిగా, తిన్నగా పోతుంది. సంచీలో పది డిస్కులుండటానికి కారణం అదీ.

రెండో చెట్టు దగ్గర అసలు కిటుకు బోధపడింది. రెండు మామిళ్ళ మధ్య బారెడు సందు, ఆ వెనక గురిచెట్టు. ఇక్కడ బలం పనికిరాదు. మెల్లగా, వంచకుండా, సందులోంచి పంపాలి. బయలు మైదానంలో అయితే గట్టిగా విసిరినవాడిదే రాజ్యం. చెట్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట ఓపికున్నవాడిది. ఆరో చెట్టుకి మధ్యలో ఏనుగంత బండరాయి. కుడిపక్కగా విసిరితే పళ్ళెం తన అలవాటు ప్రకారం ఎడమకి వాలి, బండ చుట్టూ తిరిగి మానుకి తగిలింది. నా ప్రజ్ఞ కాదు గానీ, చప్పట్లు మాత్రం నేనే కొట్టుకున్నాను.

ఇదంతా గట్టుమీద కూర్చుని చూస్తున్నాడు తోట కాపలా తాత. కాసేపు ఊరుకుని, ఇక పట్టలేక అడిగాడు:

"ఏంది సారూ, బువ్వ తినే పళ్ళాలు గట్ల ఇసిరి పారేస్తుండ్రు?"

ఆట చెప్పాం. "జర నాకియ్యిండ్రి" అని ఒకటి పుచ్చుకున్నాడు. చేట చెరిగినట్టు మణికట్టు ఒక్కసారి ఆడించాడు. నేలకి జానెడెత్తున తిన్నగా పోయి, ఏడో చెట్టు మొదట్లో ఠప్పుమని తగిలింది! మా మేనల్లుడు నోరు తెరిచాడు.

"చిన్నప్పుడు జొన్నచేన్ల మంచెమీద కూసొని వడిసెలతోని పిట్టలు గొట్టినోన్ని సారూ" అని నవ్వాడు తాత. చివరి మూడు చెట్లూ మాతోనే ఆడాడు. ఆ మూడింటికీ వాడికి తొమ్మిది విసుర్లు, తాతకి ఎనిమిది. నా లెక్క అడక్కండి.

గజాల లెక్క

ఎనిమిదో చెట్టు దగ్గర నా పళ్ళెం ఒక రాతికి తగిలి ఆగింది. వంగి చూస్తే తెల్ల సున్నం, దానిమీద ఎర్రరంగుతో అంకె: 41. పదడుగుల్లో ఇంకోటి: 42. గడ్డి ఏపుగా పెరగడం మూలాన అందాకా కంటపడలేదు.

"ప్లాట్లు గొడ్తుండ్రు సారూ. పటేలు అమ్మేసిండు. దసరా దాటినంక చెట్లు గొట్టేస్తరంట" అన్నాడు తాత, మామూలుగా.

రాళ్ళవెంట నడిచాం. మా మూడో మామిడి ముప్ఫై అడుగుల రోడ్డులోకి పోయింది. అయిదో చెట్టు 27లో ఉంది. లేఅవుట్ అన్నాక పార్కుకి కొంత జాగా వదలాలి గదా, అదెక్కడా అని వెతికాం. ఉంది, పడమటి మూల. బండలు తేలి, ప్లాటుకి పనికిరాని ముక్క. అందులో ఒక్క చెట్టు కూడా లేదు! రేపు అక్కడ మట్టి పోసి, క్రోటన్లు నాటి, పార్కు అని బోర్డు కడతారు. చింతచెట్టూ, దాని చుట్టూ గుబురుగా ఉన్న ఎనిమిది మామిళ్ళూ మాత్రం ప్లాట్లలోకి పోతాయి.

ఇది ఈ ఒక్క తోట కథ కాదు. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వాటిలోకి వచ్చే నీటిని కాపాడాలని 1996లో 111వ జీవో తెచ్చి, చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకి కళ్ళెం వేశారు. శంషాబాద్ మండలంలో చాలా ఊళ్ళు అందులోవే. విమానాశ్రయం పక్కనే ఉన్నా ఈ తోటలు ఇన్నాళ్ళు నిలబడటానికి అదీ ఒక కారణం. 2022 ఏప్రిల్‌లో ఆ కట్టుబాట్లని సడలిస్తూ 69వ జీవో వచ్చింది. తోట అమ్మినాయన్ని తప్పుపట్టలేం. కూతురి చదువూ, కొడుకు ఇల్లూ ఆయనకీ ఉన్నాయి. కానీ అమ్మిన భూమిలోనైనా పార్కు గీసేవాడు ఒక్కసారి తలెత్తి చెట్లవైపు చూడొచ్చు గదా!

అసలు గోల్ఫుకి వందెకరాల పైన పచ్చిక కావాలి, దానికి రోజూ నీళ్ళు పెట్టాలి. ఈ పళ్ళెం గోల్ఫుకి నాలుగైదెకరాల్లో తొమ్మిది గురులు సర్దుకుంటాయి. కాలనీ పార్కంత జాగాలో రెండో మూడో అయినా పడతాయి. నీళ్ళ ఖర్చు లేదు, గడ్డి కోసే యంత్రం అక్కర్లేదు. దీనికి కావలసిందల్లా ముదిరిన చెట్లు. చెట్టు కొట్టేస్తే ఆటే లేదు. అది మళ్ళీ ఎదిగేలోపు ఆడే పిల్లలు తాతలవుతారు.

తోట అమ్మినాయన మాకు తెలిసినవారే అన్నానుగా. మర్నాడే ఫోన్ చేసి, పార్కుని చింతచెట్టు మూలకి జరపమని కొన్నవాళ్ళని అడిగి చూడమన్నాను. ప్లాట్ల లెక్క చెడదు, పశ్చిమపు బండల్ని ఇంకో రకంగా సర్దుకోవచ్చు. "అడుగుతాలెండి" అన్నారు. ఇంకా కబురు రాలేదు. దసరాకి వ్యవధి ఉంది గనక నేను మళ్ళీ అడుగుతాను.

మా వాడు క్షేమంగా డల్లాస్ చేరాడు. పోయేముందు పసుపురంగు డిస్కు ఒకటి తాతకి ఇచ్చాడు. దాంతో ఆయన మనవళ్ళకి ఆట నేర్పుతున్నాడుట. పీలికలు ఇంకా చెట్లకే ఉన్నాయి, విప్పలేదని చెప్పాడు.