సముద్రం అవతలి ఉస్తానీ

రెండేళ్ళ క్రితం ముహర్రం నెలలో ఒకనాడు అసర్ నమాజు ముగించి మస్జిదు మెట్లు దిగుతున్నాను. మా బాలికల మదరసాలో ఒకప్పుడు చదువుకున్న అమ్మాయి తండ్రి ఎదురై సలాం చేసి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా చేతికిచ్చారు. "మౌలానా సాబ్, అమ్మాయికి ఇంగ్లండు నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి వ్యాపారస్తురాలు ఒకామె ఏడాదిపాటు ఫోనులో వ్యాపారం గురించి చెబుతుందట. మీరు సరేనంటే సరే, వద్దంటే వద్దు" అన్నారు.

ఆ అమ్మాయి కర్నూలులో తమ ఇంటి ముందు గదిలో అబాయాలు కుట్టించి అమ్ముతుంది. రెండు మిషన్లు, ఒక మగ్గం, కూలికి వచ్చే ఇద్దరు స్త్రీలు. అదే ఆమె కార్ఖానా.

కాగితం చేతిలో ఉండగానే నాకు మరొక తండ్రి జ్ఞాపకం వచ్చారు. అప్పటికి పన్నెండేళ్ళ కిందట, అదే మెట్ల మీద, దాదాపు అవే మాటలతో ఆయన నన్ను సలహా అడిగారు. ఆయన కుమార్తె కూడా నా శిష్యురాలే. పచ్చళ్ళు, మసాలా పొడులు తయారుచేసి అంగళ్ళకు వేసేది. దుబాయిలో పది రోజుల శిక్షణకు ఆమెను ఎంపిక చేశారు. నేను చెప్పులు తొడుక్కుంటూనే "వద్దు" అన్నాను. మహ్రమ్ తోడు లేకుండా స్త్రీ దూరప్రయాణం చేయరాదన్నది మా మస్లకులోని మసలా. నేటికీ దానికి కట్టుబడే ఉన్నాను. కానీ మసలా చెప్పేవాడు ముందుగా విషయమంతా విచారించాలి కదా! నేను విచారించలేదు. ఆమె సొంత అన్న అప్పట్లో షార్జాలోనే ఉద్యోగం చేస్తున్నాడనీ, సెలవు పెట్టి వచ్చి చెల్లెలిని తోడుండి తీసుకువెళ్ళడానికి సిద్ధపడ్డాడనీ చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. విచిత్రమేమిటంటే, ఆ సంవత్సరమే నేను రెండు జల్సాలలో హజ్రత్ ఖదీజా (రజి) వ్యాపార దక్షతను గురించి చెరొక గంట ప్రసంగించాను.

అందువల్ల ఈసారి మూడు రోజులు గడువు అడిగాను. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకును కూర్చోబెట్టుకుని ఇటువంటి కార్యక్రమాల సంగతి తెలుసుకున్నాను. ఇవి ఇటీవల పుట్టినవి కావు. 2006లో అమెరికా విదేశాంగ శాఖ, ఫార్చ్యూన్ పత్రిక కలిసి ఒకటి ప్రారంభించాయి. వైటల్ వాయిసెస్ అనే స్వచ్ఛంద సంస్థ దాని నిర్వహణలో పాలుపంచుకుంది. పలు దేశాలలో వ్యాపారంలో ఎదుగుతున్న స్త్రీలను కొన్ని వారాలపాటు అమెరికాకు పిలిపించి, పెద్ద కంపెనీలను నడిపే మహిళల వెంట ఉంచేవారు. వారు ఎలా మాట్లాడతారో, ఎలా నిర్ణయాలు తీసుకుంటారో దగ్గరుండి చూడడమే అక్కడి పాఠం. 2008లో గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు 10 కోట్ల డాలర్లతో 10,000 మంది స్త్రీలకు వ్యాపార విద్య నేర్పే ప్రణాళికను ప్రకటించింది. మన హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో కూడా ఆ తరగతులు జరిగాయి. బ్రిటన్ మాజీ ప్రధాని భార్య షెరీ బ్లెయిర్ అదే సంవత్సరం నెలకొల్పిన ఫౌండేషన్ మరొక పద్ధతి పట్టింది. ఎవరూ ఇల్లు కదలనక్కరలేదు. వేర్వేరు దేశాల్లో ఉన్న ఇద్దరిని ఇంటర్నెట్ ద్వారా జతపరుస్తారు. మా అమ్మాయికి వచ్చిన ఉత్తరం వేరే సంస్థది అయినా పద్ధతి ఇదే. ప్రయాణం లేదు కాబట్టి మహ్రమ్ ప్రశ్న లేదు. అవతల ఉన్నది స్త్రీ కాబట్టి పరదా చిక్కూ లేదు.

అయినా మనసు ఒప్పుకోలేదు. ఒకటి వడ్డీ మీద నడిచే బ్యాంకు. మరొకటి 2003లో ఇరాక్ మీదికి సైన్యాన్ని పంపిన ప్రధాని ఇంటి నుంచి వచ్చింది. ఇలాంటి చోట్ల నుంచి వచ్చే చేయూత వెనుక ఏముందోనన్న సందేహం మన పాఠకులలో చాలామందికి కలుగుతుంది. నాకూ కలిగింది, ఇంకా పూర్తిగా పోలేదు. అయితే ఆ రాత్రి హిజ్రత్ ఘట్టం మనసులో మెదిలింది. మక్కా నుంచి మదీనాకు దారి చూపడానికి దైవప్రవక్త (స) కూలికి కుదుర్చుకున్న అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అప్పటికి ముస్లిం కాడు. ఎడారి దారులు ఎరిగినవాడు, నమ్మదగినవాడు. చూసినవి ఆ రెండే. మెంటర్ అన్న మాటకు మా తమ్ముడి కొడుకు చెప్పిన తెలుగు కూడా మార్గదర్శి అనే.

మూడో రోజు "సరే" అన్నాను. తండ్రి ఇంట్లో ఉన్న సమయంలోనే మాట్లాడాలని ఒక షరతు పెట్టాను. అమ్మాయి దానికి నవ్వి, "అబ్బా పక్కన కూర్చుంటే నాకూ ధైర్యమే హజ్రత్" అందట.

పదిహేను రోజులకొకసారి గంటసేపు మాట్లాడుకునే ఏర్పాటు. అవతలి ఆమె ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల బట్టల దుకాణం నడిపిన మనిషి. నవంబరులో ఒకనాడు వారింటికి వెళ్ళినప్పుడు నేనూ తండ్రీ వరండాలో టీ తాగుతున్నాం. లోపల సాయంత్రం అయిదున్నరకు సంభాషణ మొదలైంది. పది నిమిషాలకు మగ్రిబ్ అజాన్ వినిపించింది. అమ్మాయి ఏదో చెప్పి లేచింది. తిరిగి వచ్చాక తెలిసింది, అవతలి ఆమె ఆనాటి నుంచే సమయాన్ని ఆరున్నరకు మార్చేసిందని. ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని బయటకు వచ్చి తండ్రి ముందు పెట్టింది. ఒక అబాయా లెక్క. బట్టకు 550, మగ్గం పనికి 300, కుట్టుకూలి 250, దారం, కవరు 40. మొత్తం 1,140 రూపాయలు. అమ్మకం ధర 1,400. మిగిలేది 260. ఇంతవరకు మా అందరికీ తెలిసిన లెక్కే. అవతలి ఆమె అడిగిన ప్రశ్నలు దాని కింద వరుసగా రాసి ఉన్నాయి. బట్ట కత్తిరించేది ఎవరు? కొలతలు తీసేది, ఫోటోలు పంపేది, ఫోనులో బేరమాడేది ఎవరు? ఇంటికి చేర్చే తమ్ముడి బండికి పెట్రోలు ఎవరి జేబులోంచి? కరెంటు బిల్లు ఏ ఖాతాలో? పెట్రోలుకు 60, కరెంటుకు 20 తీసేస్తే 180 మిగిలింది. ఒక్కో అబాయాకు అమ్మాయి పెట్టే సమయం ఆరు గంటలు. గంటకు 30 రూపాయలు.

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. "అయిదేళ్ళుగా నేను దీన్ని లాభం అనుకుంటున్నాను" అన్నారు చివరికి.

తరువాతి పుట ఇంకా కష్టమైనది. బాకీలు. బంధువులు, ఇరుగుపొరుగు పట్టుకుపోయిన 41 అబాయాల సొమ్ము రానే లేదు. 57,400 రూపాయలు. ఏ ఒక్కటీ ఎక్కడా రాసి లేదు. అంతా అమ్మాయి జ్ఞాపకంలోనే ఉంది. పేరు, తేదీ, మొత్తం, చెల్లించే గడువు రాసుకోమని ఆ ఇంగ్లీషు స్త్రీ చెప్పిందట. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ బఖరా సూరాలో 282వది. అప్పును వ్రాతలో పెట్టుకోవడం గురించి. ఈ అమ్మాయికి ఆ ఆయత్ తఫ్సీర్ మూడు రోజులు చెప్పినవాణ్ణి నేనే. వ్యాకరణం చెప్పాను, సాక్షుల మసలాలు చెప్పాను. ఒక్క నోటుబుక్కు తెరిపించలేదు.

మార్గదర్శి చెప్పిందల్లా సరిగా లేదని కూడా రాయాలి. ధరను వెంటనే 1,700 చేయమంది. అమ్మాయి చేసింది. రెండు నెలలు సగం గిరాకీ పోయింది. కర్నూలులో ఒక మామూలు ఇల్లాలు అబాయాకు ఎంత పెట్టగలదో లండన్‌లో కూర్చుని చెప్పలేరు. చివరికి మగ్గం పని లేని సాదా రకం ఒకటి తక్కువ ధరకు విడిగా పెట్టడంతో గిరాకీ తిరిగి వచ్చింది. ఆ ఆలోచన కుట్టుకూలికి వచ్చే స్త్రీది. మూడో మిషనుకు బ్యాంకు అప్పు తీసుకోమన్నప్పుడు మాత్రం అమ్మాయి వడ్డీ మాకు నిషిద్ధమని స్పష్టంగా చెప్పింది. అవతలి ఆమె వాదించక, మరి మీ ధర్మంలో ఇలాంటి అవసరానికి ఏ దారి ఉందో తెలుసుకుని వచ్చే వారం చెప్పమని అడిగిందట.

ఆ ప్రశ్న నా దగ్గరికి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్న హిదాయాను ఆ రోజు మొదటిసారి ఒక మిషను కొనడం కోసం తెరిచాను. చేయించి ఇచ్చే వస్తువుకు ముందుగా సొమ్ము తీసుకునే ఇస్తిస్నా ఒప్పందం మన ఫుఖహా ఎప్పుడో అంగీకరించినదే. రంజానుకు ముందే పండుగ అబాయాల ఆర్డర్లకు సగం సొమ్ము బయానాగా తీసుకోమన్నాను. కొలత, బట్ట, రంగు, ఇచ్చే తేదీ రసీదు మీద ఉండాలన్నాను. ఆ బయానాతో ముడిసరుకంతా వచ్చింది. బట్టకని దాచుకున్న సొంత సొమ్ము మిగిలి మిషను వచ్చింది. ఆ రసీదు నమూనాను అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి అవతలి ఆమెకు పంపితే, తన దుకాణంలో ఇలాంటిది ఎందుకు పెట్టలేదా అని ఆశ్చర్యపోయిందట. ఆ మాట విని నేను సంతోషించానని దాచుకోను.

ఈ సంవత్సరం ముహర్రంలో పచ్చళ్ళ అమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటున్నాను గాని, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. పరదా వెనుక భర్తతో కలిసి కూర్చుని, తానూ ఒక మార్గదర్శి కోసం దరఖాస్తు పెడుతున్నానని, గురువు సిఫారసు లేఖ కావాలని అడిగింది. నేను పాత సంగతి ఎత్తి క్షమాపణ కోరబోయాను. ఆమె మధ్యలోనే, "నాకు కోపం లేదు హజ్రత్. ఆ రోజు మీరు అబ్బాను అడిగారు, నన్ను కూడా ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది" అంది. నిజానికి ఆనాడు నేను అబ్బాను కూడా ఏమీ అడగలేదు. ఆమెకు ఆ సంగతి తెలియదు. చెప్పాను.

దరఖాస్తు ఇంగ్లీషులో ఉంది. అబాయాల అమ్మాయి కూర్చుని చదివి చెబుతుంటే నేను ఉర్దూలో రాస్తున్నాను, ఆమె ఇంగ్లీషులోకి మారుస్తోంది. దరఖాస్తుదారును ఎంతకాలంగా ఎరుగుదురు అన్న గడిలో పందొమ్మిదేళ్ళు అని రాయించాను. దాని కింది గడిలో, ఆమె వ్యాపారానికి మీరు ఇంతవరకు చేసిన సహాయం ఏమిటి అని ఉంది. పంపడానికి ఇంకా నాలుగు రోజులు గడువుంది.