పెదకూరపాడులో నారింజ వెలుగు

పెదకూరపాడు స్టేషన్లో గుంటూరు బండి దిగి ఊళ్లోకి నడుస్తుంటే, కళ్లాల్లో ఆరుతున్న మిరపకాయల ఘాటు ఎదురొచ్చింది. సెమీకండక్టర్ క్వాంటమ్ డాట్లనే అతి చిన్న రేణువుల మీద పనిచేసే ఒక పరిశోధకుడు సెలవులకు ఇంటికొచ్చాడని తెలిసి వెళ్లాను. పేరు రాయవద్దన్నాడు కాబట్టి రాయడం లేదు.

“మావోడు రాసిందాన్ని ఏయే దేశాలోళ్లో వాళ్ల రాతల్లో చెప్పుకుంటన్నారంటండీ. ఎంతమందో లెక్క కూడా ఉంటదంట,” అన్నారు వాళ్ల నాన్నగారు, మంచం వాల్చి కూర్చోమంటూ. నాకు కావలసింది ఆ లెక్క వెనకున్న సంగతే.

అబ్బాయి గది తలుపులు మూశాడు. క్వార్ట్జ్ గొట్టంలో తెల్లటి పొడి ఉంది. నకిలీ నోట్లు పట్టే దీపం లాంటిదే, ఇంకా తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత దీపాన్ని దాని మీదికి తిప్పాడు. “దీపం వంక చూడకండి సార్, పొడినే చూడండి.” పొడి మొత్తం నారింజ రంగులో వెలిగింది.

అది కొద్దిగా మాంగనీస్ కలిసిన జింక్ సల్ఫైడ్. జింక్, మాంగనీస్ ఎసిటేట్లను నీళ్లలో కరిగించి సోడియం సల్ఫైడ్ చుక్కచుక్కగా పోస్తే తెల్లగా అడుక్కి దిగుతుంది. రేణువులు కొన్ని నానోమీటర్లు దాటి పెరగకుండా ఒక పాలిమర్ వాటిని చుట్టుకుంటుంది. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. అతినీలలోహిత కాంతిని జింక్ సల్ఫైడ్ మింగి ఆ శక్తిని మాంగనీస్‌కు అందిస్తుంది; నారింజ వెలుగు మాంగనీస్‌ది. కాడ్మియం సెలినైడ్ డాట్ల సంగతి వేరు. అక్కడ రంగును రేణువు పరిమాణమే తేలుస్తుంది: సుమారు 2 నానోమీటర్ల దగ్గర నీలం, 6 దగ్గర ఎరుపు.

ఆ పొడి చరిత్ర అతను ఎంతో ఇష్టంగా చెప్పాడు. మిల్లీసెకన్ల పాటు సాగే ఈ వెలుగు నానో రేణువుల్లో నానోసెకన్లలోనే ముగుస్తుందని, సామర్థ్యం కూడా ఎక్కువేనని 1994లో రామేశ్వర్ భార్గవ బృందం ప్రకటించింది. పరిశోధకులు ఎగబడ్డారు. 1998లో నెదర్లాండ్స్‌కు చెందిన బోల్, మైయెరింక్ జాగ్రత్తగా కొలిచి, మాంగనీస్ వెలుగు ఆయుష్షు మిల్లీసెకన్లలోనే ఉందని చూపించారు. కాదనేవాళ్లు కూడా ఆ పేపర్‌ను ఉదహరించాలి కదా! సైటేషన్ల పట్టికలో ఔనన్నదీ ఒకటే, కాదన్నదీ ఒకటే. అయినా భార్గవ పేపర్‌ను నేను తక్కువ చేయలేను. ఇంతమంది ఈ పొడిని తయారుచేసి కొలిచారంటే దానికి ఆ పేపరే కారణం.

1993 నాటి మర్రే, నోరిస్, బవెండి పేపర్ ఇంకో రకం. బాగా వేడెక్కిన ద్రావకంలోకి రసాయనాలను ఒక్కసారిగా చొప్పించి, దాదాపు ఒకే పరిమాణంలో డాట్లు చేయడం ఎలాగో అది నేర్పింది. దాన్ని చదివినవాళ్లు తమ ప్రయోగశాలల్లో చేసి చూశారు, పనిచేసింది. ఉదహరింపులు వేలల్లోకి వెళ్లాయి. 2023లో బవెండికి బ్రస్, ఎకిమోవ్‌లతో కలిపి రసాయన నోబెల్ వచ్చింది.

మరి లెక్కకు అందని ఘనత? నాకు సి.ఆర్.రావు గుర్తొచ్చారు. నందిగామలో, విశాఖలో చదువుకున్న ఆ గణాంక శాస్త్రవేత్త 1945 పేపర్‌లోని ఫలితాలు ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. క్రామర్–రావు, రావు–బ్లాక్‌వెల్ అని రాసేవాళ్లలో చాలామంది మూల పేపర్‌ను ఉదహరించరు. అందరి సొత్తయిపోయిన ఫలితాన్ని సైటేషన్ల పట్టిక చూపలేదు. పరిశోధకుడి ఉదహరింపుల లెక్కను ఒక్క అంకెగా కుదించడానికి 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన హెచ్‌-ఇండెక్స్‌కూ అది అందదు. ఉద్యోగాల ఎంపికలో ఆ ఒక్క అంకె చూసి మనిషిని తూచడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

తనకు నచ్చిన సైటేషన్ ఏదని అడిగాను. లాప్‌టాప్‌లో ఒక పేపర్ తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. ఇతని పద్ధతిలో చేస్తే తమకు ఆ వెలుగు రాలేదని ఎవరో రాశారు. “మిగతావాళ్లు ముందుమాటలో నలుగురితో కలిపి నా పేరు చెప్పి వదిలేశారు సార్. వీళ్లు చేసి చూశారు.” పొడిని ఎన్నిసార్లు కడగాలో, ఏ వేడి దగ్గర ఆరబెట్టాలో తన పేపర్‌లో సరిగా రాయలేదట. సెలవులయ్యాక మొదట చేయబోయేది ఆ ప్రయోగాన్నే మళ్లీ, ఈసారి ప్రతి కడుగుడూ రాసుకుంటూ.